ఫ్రేము అవతల ఇంకో బోర్డు: క్యారమ్స్‌లో రిబౌండ్ గురి

తమ్ముళ్ళకు ముందుగా ఒక సంజాయిషీ చెప్పుకోవాలి. మన హాస్టల్ క్యారమ్ బోర్డుకు కిటికీ వైపు ఫ్రేము మీద దోమల చక్రం కాలిన నల్ల మచ్చ ఒకటి ఉండేది. దాన్ని గరుకు కాగితంతో రుద్ది చెరిపేసింది మేమే. మరుసటి రోజు సాయంత్రం రిబౌండ్లన్నీ తప్పిపోయి మీరు ఎంత కోపగించుకున్నారో మాకు తెలుసు. అంత పని ఎందుకు చేశామో, మచ్చ లేకుండా గురి ఎలా చూడాలో చెప్పడానికే ఈ వ్యాసం.

రాత్రి మెస్ అయ్యాక స్టడీ అవర్ మొదలయ్యేలోపు దొరికే ముప్పావుగంట ఆ బోర్డుదే. మొఘల్‌పురా గల్లీల్లో, షాలిబండ రోడ్డు మీద స్నూకర్, పూల్ పార్లర్లు ఎన్నో చూశాం. కానీ గంటకు ఇంత అని డబ్బు కట్టి ఆడే స్థోమత మనలో ఎంతమందికి ఉంది? గుమ్మం దగ్గర నిలబడి చూసి వచ్చినవాళ్ళమే ఎక్కువ. అక్కడ తెల్ల బంతికి అడ్డంగా వేరే బంతి ఉంటే, ఆటగాడు దాన్ని రబ్బరు అంచుకు కొట్టి, తిప్పి తెచ్చి, కావలసిన బంతికి తగిలిస్తాడు. పూల్ ఆడేవాళ్ళు దాన్ని కిక్ షాట్ అంటారు. మనం క్యారమ్స్‌లో రిబౌండ్ అనేది కూడా అదే. పార్లర్‌లో డబ్బు పెట్టి నేర్చుకునే ఆ విద్య మన ప్లైవుడ్ బోర్డు మీద ఉచితంగా దొరుకుతుంది.

మన హాస్టల్ రూలు ప్రకారం మన గీతకు వెనక, అంటే మన ఒడి వైపు ఉన్న కాయిన్‌ను నేరుగా వెనక్కి కొట్టకూడదు. స్ట్రైకర్ ఎదురు ఫ్రేముకు తగిలి తిరిగి వచ్చి కొట్టాలి. కాబట్టి రిబౌండ్ రానివాడికి మన దగ్గర ఆటే లేదు.

మేము ఓడిన బోర్డు

రెండేళ్ళ కిందట ఇంకో హాస్టల్ వాళ్ళతో ఆడటానికి వెళ్ళాం. చివరి ఆటలో మాది 21, వాళ్ళది 24. మాకు ఒక తెల్ల కాయిన్, వాళ్ళకు ఒక నల్ల కాయిన్ మిగిలాయి. రెడ్ మేమే వేసి కవర్ చేసుకున్నాం. తెలుపు పడితే రెడ్‌కు 3, వాళ్ళ కాయిన్‌కు 1, మొత్తం 25. ఆట మాదే. ఆ తెల్ల కాయిన్ మా గీత వెనక, ఎడమ పాకెట్ ముందు ఆగి ఉంది. ఇక్కడైతే కళ్ళు మూసుకుని కొట్టే షాట్ అది. మాకు తెలిసింది ఒక్కటే: స్ట్రైకర్‌ను ఫలానా చోట పెట్టి, నల్ల మచ్చకు రెండు వేళ్ళు ఇవతల కొడితే పడుతుంది.

ఆ బోర్డు మీద మచ్చ లేదు. మావాడు స్ట్రైకర్ పెట్టి, తల ఎత్తి ఎదురు ఫ్రేము చూశాడు. ఎటు చూసినా ఒకే రంగు చెక్క. అందాజుగా కొట్టాడు. కాయిన్‌కు పక్కగా తగిలి అది మా ఫ్రేముకే గుద్దుకుంది. తర్వాతి చేతిలో వాళ్ళు నలుపు వేసేశారు.

తిరిగి వచ్చేటప్పుడు ఎవరూ మాట్లాడలేదు. ఓడినందుకు కాదు. మూడేళ్ళుగా మేము నేర్చుకున్నది ఆట కాదని, ఒక మచ్చను మాత్రమే బట్టీ పట్టామని ఆ రోజు తెలిసింది. పాత ప్రశ్నాపత్రాలు బట్టీ కొట్టి పరీక్షకు పోయినవాడికి ప్రశ్న కొంచెం మారితే ఎలా ఉంటుందో, అలాగే ఉంది.

అద్దం ముందు నలుగురు

ఉపాయం మా కళ్ళ ముందే ఉంది. పొద్దున కాలేజీకి పోయే ముందు ఒకే అద్దం ముందు నలుగురం తల దువ్వుకుంటాం కదా. అద్దంలో నాకు నీ కళ్ళు కనిపిస్తున్నాయంటే, నీకు నా కళ్ళు కనిపిస్తున్నట్టే. వెలుగు అద్దానికి ఎంత వాలుగా వచ్చి తగులుతుందో, అంతే వాలుగా తిరిగి పోతుంది. పదో తరగతిలో దీన్నే 'పతన కోణం పరావర్తన కోణానికి సమానం' అని రాసి మార్కులు తెచ్చుకున్నాం. బోర్డు దగ్గర మాత్రం గుర్తుకు రాలేదు.

క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో హీరో అనే గణితవేత్త ఉండేవాడు. అద్దానికి తగిలి కంటికి చేరే వెలుగు, అలా చేరగల దారులన్నిటిలో అతి దగ్గరి దారిని పడుతుందని ఆయన చూపించాడు. దానికి రుజువు చాలా తేలిక. అద్దం అవతల వస్తువుకు ప్రతిబింబం ఉందనుకుని, అక్కడికి నేరుగా గీత గీయడమే. ఆ గీత అద్దాన్ని ఎక్కడ దాటుతుందో, వెలుగు అక్కడే తగులుతుంది.

ఇప్పుడు అద్దం బదులు ఎదురు ఫ్రేము అనుకోండి. దాని అవతల మన బోర్డే తిరగేసి ఇంకొకటి పరిచి ఉందనుకోండి. ఇక్కడి కాయిన్‌కు అక్కడొక జత కాయిన్ ఉంటుంది. ఆ అవతలి కాయిన్‌ను నేరుగా కొట్టాలని చూడండి. స్ట్రైకర్ ఫ్రేము దాటి పోలేదు కాబట్టి తిరిగి వచ్చి ఇవతలి కాయిన్‌ను కొడుతుంది. రిబౌండ్ గురి అంటే ఇంతే. మిగతావన్నీ ఈ లెక్కకు చేసే సవరణలు.

మొదటి సవరణ: ఫ్రేము ఫ్రేము దగ్గర ఉండదు

అద్దం సంగతి తెలిశాక కూడా మేము నెల రోజులు తప్పులే కొట్టాం. ప్రతిసారీ స్ట్రైకర్ కొంచెం ఇవతలే పడేది. కారణం ఏమిటంటే స్ట్రైకర్ చుక్క కాదు, బిళ్ళ. దాని అంచు ఫ్రేముకు తగిలే సమయానికి దాని మధ్యభాగం ఇంకా ఫ్రేముకు ఇవతలే ఉంటుంది. మనం గురి చూసేది స్ట్రైకర్ మధ్య నుంచి. కాబట్టి అద్దం ఉన్నది ఫ్రేము దగ్గర కాదు, ఫ్రేముకు స్ట్రైకర్ వ్యాసార్ధమంత ఇవతల.

కొలతలతో చూద్దాం. అంతర్జాతీయ క్యారమ్ ఫెడరేషన్ 1988లో చెన్నైలో ఏర్పడింది. దాని నియమాల ప్రకారం ఆడే స్థలం ప్రతి వైపూ 73.5 నుంచి 74 సెం.మీ. స్ట్రైకర్ వ్యాసం 4.13 సెం.మీ.కు, బరువు 15 గ్రాములకు మించకూడదు. కాయిన్ వ్యాసం 3.02 నుంచి 3.18 సెం.మీ., బరువు 5 నుంచి 5.5 గ్రాములు. పాకెట్ వ్యాసం 4.45 సెం.మీ. మన బోర్డు కొలిస్తే లోపల 74 సెం.మీ. ఉంది.

గీతల మీద పెట్టిన స్ట్రైకర్ మధ్యభాగం మన ఫ్రేముకు సుమారు 12 సెం.మీ. దూరంలో ఉంటుంది. ఎదురు ఫ్రేము 74 దగ్గర ఉంది. స్ట్రైకర్ వ్యాసార్ధం 2 సెం.మీ. అనుకుంటే అద్దం గీత 72 దగ్గర. అంటే స్ట్రైకర్ అక్కడికి పోయే దూరం 60 సెం.మీ. తిరిగి వచ్చి మన ఫ్రేముకు 8 సెం.మీ. దూరంలో ఆ కాయిన్‌ను తాకాలనుకుందాం. వచ్చే దూరం 64. స్ట్రైకర్ పెట్టిన చోటికీ తాకాల్సిన చోటికీ అడ్డంగా 31 సెం.మీ. ఎడం ఉంది. ఈ 31ని 60కి 64 నిష్పత్తిలో పంచాలి. 31ని 60తో గుణించి 124తో భాగిస్తే 15. అద్దం గీత మీద, స్ట్రైకర్‌కు ఎదురుగా ఉన్న చోటు నుంచి 15 సెం.మీ. పక్కన గురి. అక్కడి నుంచి మిగిలిన 16 తిరుగు ప్రయాణం.

పోయే దూరం, వచ్చే దూరం సమానమైతే గురి సరిగ్గా సగంలో ఉంటుంది. మన షాట్లలో ఈ రెండూ దాదాపు సమానమే. అందుకే సగం చూసి, వెంట్రుకవాసి స్ట్రైకర్ వైపు జరపడం చాలు. గుణకారం అక్కర్లేదు.

ఇదే లెక్కను వ్యాసార్ధం మరచిపోయి, చెక్క మీదే 15 సెం.మీ. దగ్గర గురి పెట్టి కొడితే ఏమవుతుంది? స్ట్రైకర్ 31 బదులు 30 దగ్గరే పడుతుంది. ఒక్క సెంటీమీటరే కదా అనకండి. నిండుగా తగలాల్సిన షాట్‌లో ఆ సెంటీమీటరు కాయిన్ పోయే దిక్కును సుమారు 15 డిగ్రీలు తిప్పేస్తుంది. మావాడు ఆ రోజు తప్పింది ఇంతకంటే ఎక్కువేమీ కాదు. షాట్ వాలే కొద్దీ తేడా పెరుగుతుంది. 45 డిగ్రీల వాలుకు వచ్చేసరికి తప్పు స్ట్రైకర్ వ్యాసమంత, అంటే 4 సెం.మీ. పైన ఉంటుంది.

చేసి చూడండి

ఆదివారం నాడు ఇలా చేయండి. చిన్న షేవింగ్ అద్దం ఒకటి తీసుకోండి. ఎదురు ఫ్రేముకు 2 సెం.మీ. మందం పుస్తకం ఆనించి, దాని ముందు అద్దాన్ని నిలబెట్టండి. అద్దం ఫ్రేముకు సమాంతరంగా ఉండాలి. ఇప్పుడు అద్దం సరైన గీత మీద ఉంది.

తర్వాత కాయిన్ పెట్టండి. పాకెట్ మధ్య నుంచి కాయిన్ మధ్యకు ఒక గీత ఊహించి, దాన్ని వెనక్కి పొడిగించండి. కాయిన్ మధ్య నుంచి సుమారు 3.6 సెం.మీ. వెనక, అంటే రెండు వ్యాసార్ధాలు కలిపినంత దూరంలో, స్ట్రైకర్ మధ్యభాగం వచ్చి ఉండాలి. అక్కడ పాత స్ట్రైకర్ ఒకటి పెట్టండి. గురి చూడాల్సింది దీనికే, కాయిన్‌కు కాదు. మేము చాలాకాలం కాయిన్‌నే చూసి కొట్టాం.

ఇప్పుడు గీత మీది స్ట్రైకర్ వెనక తల వంచి, దాని మీదుగా అద్దంలోకి చూడండి. పాత స్ట్రైకర్ బొమ్మ అద్దంలో ఎక్కడ కనిపిస్తుందో అదే మీ దిక్కు. దాన్ని మనసులో పెట్టుకుని అద్దం, పుస్తకం, పాత స్ట్రైకర్ తీసేసి కొట్టండి. ఇరవై షాట్లు ఇలా కొడితే కంటికి అలవాటు పడుతుంది. తర్వాత అద్దం లేకుండానే ఫ్రేము అవతలి బోర్డు కనిపించడం మొదలవుతుంది.

రెండో సవరణ: చెక్క అద్దం కాదు

వెలుగుకు అద్దం ఎంత నిజాయితీగా ఉంటుందో, స్ట్రైకర్‌కు చెక్క అంత నిజాయితీగా ఉండదు. స్ట్రైకర్ వేగాన్ని రెండు ముక్కలుగా చూడాలి. ఒకటి ఫ్రేములోకి పొడుచుకుపోయేది, రెండోది ఫ్రేము వెంబడి జారేది. ఢీకొన్నప్పుడు మొదటిదాంట్లో కొంత పోతుంది. రాపిడి వల్ల రెండోదాంట్లోనూ కొంత పోతుంది. రెండూ ఒకే పాళ్ళలో తగ్గితే కోణం మారదు. మొదటిది ఎక్కువ తగ్గితే స్ట్రైకర్ అనుకున్నదానికంటే అవతల పడుతుంది. రెండోది ఎక్కువ తగ్గితే ఇవతల పడుతుంది. ఏది ఎక్కువన్నది చెక్కను బట్టి, పాలిష్‌ను బట్టి బోర్డుబోర్డుకూ మారుతుంది.

పూల్, స్నూకర్ వాళ్ళ కష్టం ఇంకా పెద్దది. వాళ్ళ బంతి దొర్లుతుంది. రబ్బరుకు తగిలాక కూడా ఆ దొర్లుడు కొంత మిగిలి, బంతి దారిని వంచుతుంది. మెల్లగా కొడితే ఒక కోణం, గట్టిగా కొడితే ఇంకో కోణం. ఈ ఆటలోని గణితం మీద కొరియోలిస్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1835లో ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. తొమ్మిది అడుగుల పూల్ టేబుల్ లోపల 100 అంగుళాల పొడవు, 50 అంగుళాల వెడల్పు ఉంటుంది. దాని అంచుల మీద ప్రతి 12.5 అంగుళాలకు ఒక గుర్తు పొదిగి ఉంటుంది. ఆ గుర్తులు లెక్కపెట్టి గురి చూస్తారు. మన మచ్చకూ వాటికీ తేడా ఏమిటంటారా? ఆ గుర్తులు ప్రతి టేబుల్ మీదా ఒకే లెక్కన ఉంటాయి. మన మచ్చ మన బోర్డు మీదే ఉండేది.

మన స్ట్రైకర్ దొర్లదు, జారుతుంది. పౌడర్ ఎక్కువైనా తక్కువైనా అది పోయే దూరం మారుతుందే కానీ దారి వంకర పోదు. ఇది మనకు వరం. అయితే వేలు మధ్యలో తగలకపోతే స్ట్రైకర్ బొంగరంలా తిరుగుతూ పోతుంది. ఫ్రేము ఆ తిరుగుడును పట్టుకుంటుంది. మధ్యకు కుడిపక్కన వేలు తగిలితే, ఎదురు ఫ్రేము నుంచి అది కుడివైపుకు జరిగి వస్తుంది. ఎడమ పక్కన తగిలితే ఎడమవైపుకు. లెక్క సరిగానే ఉన్నా రిబౌండ్ తప్పుతోందంటే, ముందు మీ వేలిని అనుమానించండి.

కొత్త బోర్డును పరిచయం చేసుకోవడం

ఎక్కడికి పోయినా ఆటకు ముందు ప్రాక్టీసు షాట్లు కొన్ని దొరుకుతాయి. వాటిని కాయిన్లు వేయడానికి ఖర్చు చేయకండి. మొదట రెండుసార్లు తిన్నగా ఎదురు ఫ్రేముకు కొట్టండి. స్ట్రైకర్ వెళ్ళిన దారినే తిరిగి వస్తే మీ వేలు సరిగా ఉన్నట్టు. తర్వాత వాలుగా రెండు మూడు కొట్టి, అద్దం లెక్క ప్రకారం ఎక్కడ పడాలో, నిజంగా ఎక్కడ పడిందో చూడండి. ఆ తేడాయే ఆ బోర్డు గుణం.

సవరించేటప్పుడు ఒక మాట గుర్తుంచుకోండి. స్ట్రైకర్‌ను కదపకుండా గురిని 1 సెం.మీ. జరిపితే, తిరిగి వచ్చే చోట అది దాదాపు 2 సెం.మీ. జరుగుతుంది. కాబట్టి 2 సెం.మీ. తప్పితే 1 సెం.మీ. మాత్రమే సవరించాలి. దిక్కు మార్చకుండా స్ట్రైకర్‌నే గీత మీద 1 సెం.మీ. జరిపితే మాత్రం పడే చోటు కూడా 1 సెం.మీ. మాత్రమే జరుగుతుంది. చిన్న సవరణకు ఇదే మంచిది. స్ట్రైకర్ రెండు గీతలనూ తాకుతోందా లేదా చూసుకోవడం మరవకండి.

ఫ్రేము మూలలు లంబంగా ఉన్నాయో లేదో తాడుతో చూడవచ్చు. నాలుగు వైపులూ 74 సెం.మీ. ఉన్న బోర్డుకు రెండు కర్ణాలూ సమానంగా, దాదాపు 105 సెం.మీ. ఉండాలి. ఒకటి పొడవు, ఒకటి పొట్టి అయితే ఆ బోర్డు ఒరిగినట్టు.

మూల సరిగా ఉంటే ఇంకో అందమైన షాట్ ఉంది. పక్క ఫ్రేముకు, వెంటనే ఎదురు ఫ్రేముకు తగిలిన స్ట్రైకర్, బయలుదేరిన దారికి సమాంతరంగా వెనక్కి వస్తుంది. ఎంత వాలుగా కొట్టినా అంతే. మొదటి అద్దం దాని పక్క దిక్కును తిప్పుతుంది, రెండోది ముందు దిక్కును తిప్పుతుంది. 1969లో అపోలో 11 వ్యోమగాములు చంద్రుడి మీద పెట్టి వచ్చిన పరావర్తకాలు ఈ సూత్రం మీదే పనిచేస్తాయి. అక్కడ రెండు బదులు మూడు లంబ తలాలు ఉంటాయి. భూమి నుంచి పంపిన లేజర్ వెలుగు వచ్చిన దిక్కుకే తిరిగి వస్తుంది. సైకిల్ వెనక ఎర్రగా మెరిసే బిళ్ళలో ఉన్నదీ అదే మూల.

ఒక హెచ్చరిక

పూల్‌లో బంతులన్నీ ఒకే బరువు. నిండుగా తగిలితే కొట్టిన బంతి దాదాపు అక్కడే ఆగుతుంది. మన స్ట్రైకర్ కాయిన్‌కు మూడింతల బరువు. నిండుగా తగిలినా, ఢీకొనడంలో నష్టం లేదనుకుంటే, దాని వేగంలో సగం దానికే మిగిలి ముందుకు పోతుంది. పాకెట్ ముందున్న కాయిన్‌ను రిబౌండ్‌లో నిండుగా కొడితే కాయిన్ వెనకే స్ట్రైకర్ కూడా పాకెట్‌లో పడి ఫౌల్ అవుతుంది. కాయిన్ పాకెట్‌కు దగ్గరగా ఉంటే కొంచెం పక్కగా తాకేలా, మెల్లగా కొట్టండి. రిబౌండ్‌లో బలం చూపించాలన్న సరదా మాకు చాలా కాయిన్లను పోగొట్టింది.

మచ్చ ఎందుకు చెరిపామంటే

ఈ ఆటను తేలికగా తీసుకోకండి. చెన్నైకి చెందిన మరియా ఇరుదయం రెండుసార్లు ప్రపంచ చాంపియన్ అయి, 1996 సంవత్సరానికి అర్జున అవార్డు అందుకున్నాడు. మన హైదరాబాద్ అమ్మాయి ఎస్. అపూర్వ ప్రపంచ టైటిల్ గెలిచింది. 2024లో అమెరికాలో జరిగిన ప్రపంచ పోటీల్లో మూడు బంగారు పతకాలు తెచ్చిన ఖాజీమా చెన్నైలో ఒక ఆటో డ్రైవర్ కూతురు. ఆమె అక్కడికి పోయి ఆడింది ఇంట్లో అలవాటైన బోర్డు మీద కాదు కదా.

మనలో చాలామందికి ఇంట్లో ముందు చదువుకున్నవాళ్ళు లేరు. ఏ కోర్సు చేరాలి, ఏ ఫారం ఎక్కడ నింపాలి, ఇంటర్వ్యూలో ఎలా కూర్చోవాలి అని చెప్పడానికి మన నాన్నల దగ్గర మచ్చలేవీ లేవు. అందుకే ఎవరైనా సీనియర్ ఒక మచ్చ చూపిస్తే దాన్నే గట్టిగా పట్టుకుంటాం. ఆ గైడు, ఆ నోట్సు, ఆ పది ముఖ్య ప్రశ్నలు. అవి ఈ గది వరకే పనికొస్తాయి. ఇక్కడి నుంచి పోయాక మనం కూర్చునే ప్రతి బోర్డూ ఇంకొకరిదే. అందుకే చెరిపాం.

కిందటి నెల అదే హాస్టల్‌కు మళ్ళీ వెళ్ళాం. ఈసారి గెలిచాం అని రాస్తే బాగుండేది. రెండు ఆటల్లో ఒకటి గెలిచాం, ఒకటి పోయింది. కానీ గీత వెనక కాయిన్లు అయిదు పడితే, వాటిలో నాలుగింటిని రిబౌండ్‌లో వేశాం. ఎవరి చూపూ మచ్చ కోసం వెతకలేదు.

మేము ఈ ఏడాదితో హాస్టల్ ఖాళీ చేస్తున్నాం. బోర్డు పక్కన మేకుకు ఒక నోటుబుక్ దారంతో కట్టి పెట్టాం. మొదటి పేజీలో మన బోర్డు కొలతలు, దాని గుణం రాసి ఉన్నాయి: కిటికీ వైపు ఫ్రేము 1 సెం.మీ. ఇవతల పడేస్తుంది, తలుపు వైపు ఫ్రేము సరిగ్గా ఉంది. వానాకాలంలో ప్లైవుడ్ ఉబ్బినప్పుడు మళ్ళీ కొలిచి రాయండి. పాత విద్యార్థులు వార్షికోత్సవానికి వచ్చినప్పుడు ఒక చేయి వేసి, తాము కనిపెట్టింది కూడా రాసి పోవాలని కోరుతున్నాం. పేజీలు చాలా ఉన్నాయి.